చీకటి ఎవరిది, వెల ఎవరిది? వలసకాలపు అయిదు నవలల్లో ముందు ఏది చదవాలి

వలస పాలన నీడలో మనిషి తన్ను తాను తెలుసుకునే కథ చదవాలనుకునేవాళ్ళ ముందు సాధారణంగా అయిదు పుస్తకాలు నిలబడతాయి. జోసెఫ్ కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్', ఇ.ఎం. ఫార్‌స్టర్ 'ఎ పాసేజ్ టు ఇండియా', జార్జ్ ఆర్వెల్ 'బర్మీస్ డేస్', చినువా అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్', రవీంద్రనాథ్ టాగూర్ 'గోరా'. అయిదూ చదవదగ్గవే. కానీ మొదట చేతికి తీసుకున్నది మనకు నప్పనిదైతే మిగతా నాలుగూ అలమరలోనే ఉండిపోతాయి. చిన్న పుస్తకం కదా అని కాన్రాడ్‌తో మొదలుపెట్టి, ముప్పయ్యో పేజీలో పక్కన పెట్టి, ఈ తరహా సాహిత్యమే తమకు పడదని తేల్చుకున్న స్నేహితులు నాకు ఇద్దరున్నారు. ఆ సలహా ఇచ్చింది నేనే. అందుకే ఈసారి కాస్త ఆలోచించి రాస్తున్నాను.

ఒక హెచ్చరిక. కథలు చివరిదాకా చెబుతాను. ఈ నవలల్లో ముగింపు ముందే తెలిసినా పోయేదేమీ లేదు. ముగింపు తెలియకపోతే మాత్రం వీటిని ఒకదానితో ఒకటి పోల్చలేం.

## ఏ కొలతలతో చూడాలి

పేజీలెన్ని, ఇంగ్లీషు ఎంత కష్టం అన్న లెక్కలు అవసరమే. వాటికంటే ముందు నేను అడిగే ప్రశ్న ఒకటుంది. అది నాకు నవలల్లోంచి రాలేదు, ఆర్వెల్ 1936లో అచ్చు వేసిన ఒక చిన్న వ్యాసంలోంచి వచ్చింది. పేరు 'షూటింగ్ యాన్ ఎలిఫెంట్'. దిగువ బర్మాలోని మౌల్మేన్‌లో పోలీసు అధికారిగా ఉన్న ఒక తెల్లవాడు, మదమెక్కి గొలుసు తెంపుకున్న ఏనుగును కాల్చాల్సి వస్తుంది. తీరా వెళ్ళేసరికి ఏనుగు నెమ్మదించి గడ్డి తింటోంది. కాల్చడం అతనికి ఇష్టం లేదు. కానీ వెనక రెండువేల మంది జనం నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందు నవ్వులపాలు కాకూడదన్న ఒక్క కారణంతో కాలుస్తాడు. పరాయి దేశాన్ని అణిచేవాడు ముందుగా పోగొట్టుకునేది తన స్వేచ్ఛనే అని అక్కడ అతనికి తెలిసొస్తుంది. ఆ వ్యాసం గొప్పదని అందరూ చెప్పేది ఈ తెలివిడి కోసమే.

ఆ ఏనుగు అంతకుముందే ఒక మనిషిని చంపింది. బురదలో బోర్లా పడి ఉన్నాడు, చేతులు రెండు పక్కలా బారజాపి, తల ఒక వైపు తిరిగిపోయి, కళ్ళు తెరుచుకుని. ఏనుగు పాదం రాపిడికి వీపు మీద తోలంతా ఊడిపోయింది. ఆర్వెల్ అతన్ని ఒకచోట ద్రావిడ కూలీ అంటాడు. చివర్లో కుర్ర తెల్లవాళ్ళ నోట ఇంకో మాట వస్తుంది: ఒక కోరంగీ కూలీని చంపినందుకు ఏనుగును చంపడం అన్యాయం, ఏ కోరంగీ కూలీ కన్నా ఏనుగు విలువే ఎక్కువ అని.

కోరంగి ఎక్కడుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాకినాడ దగ్గరి పాత రేవు. అటునుంచి ఓడెక్కి వచ్చిన తెలుగు కూలీలకు బర్మాలో పడ్డ పేరు కోరంగీలు. అంటే ఆ బురదలో పడి ఉన్నవాడు మనవాడు. పేరు లేదు, ఊరు లేదు. అతను చచ్చిపోవడం తనకు మంచిదే అయిందనీ, ఏనుగును కాల్చడానికి చట్టరీత్యా సాకు దొరికిందనీ కథకుడు చివర్లో దాచుకోకుండా చెబుతాడు. ఏనుగు ప్రాణం పోవడానికి అరగంట పట్టింది, వ్యాసం దాని పక్కన చాలాసేపు నిలబడుతుంది. కూలీకి దక్కినవి కొన్ని వాక్యాలు.

అది చదివిన రోజు నుంచి ఈ తరహా పుస్తకం ఏది తీసినా ముందు ఈ సంగతే చూస్తున్నాను: ఒకడికి తన్ను తాను తెలుసుకునే అవకాశం రావడానికి వెల కట్టింది ఎవరు? దానికి తోడు ఇంకో మూడు చూస్తాను. కథ ఎవరి కళ్ళతో నడుస్తోంది. చీకటిని రచయిత ఎక్కడ చూపిస్తున్నాడు, అడవిలోనా, క్లబ్బులోనా, నట్టింట్లోనా. నిజం తెలిశాక ఆ మనిషి ఏం చేశాడు.

| నవల | ఎప్పుడు వచ్చింది | ఎవరి చూపు | నిజం తెలిశాక | వెల కట్టినవాళ్ళు | చదువు భారం |
|---|---|---|---|---|---|
| హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ | 1899లో పత్రికలో, 1902లో పుస్తకంగా | పడవ నడిపే ఇంగ్లీషువాడు | దాచిపెడతాడు | పేరు లేని ఆఫ్రికన్లు | వంద పేజీలే, కానీ బరువైన వాక్యాలు |
| ఎ పాసేజ్ టు ఇండియా | 1924 | తెల్లవాళ్ళదీ భారతీయులదీ, మారుతూ | కోర్టులో ఒప్పుకుంటుంది | డాక్టర్ అజీజ్, కొంత ఆమె కూడా | పెద్దది, సాఫీ ఇంగ్లీషు |
| బర్మీస్ డేస్ | 1934 | కలప వ్యాపారం చేసే తెల్లవాడు | చాలాకాలం ఏమీ చేయడు | డాక్టర్ వీరాస్వామి, మా హ్లా మే | తేలిక, వేగంగా నడుస్తుంది |
| థింగ్స్ ఫాల్ అపార్ట్ | 1958 | నైజీరియాలో ఇగ్బో జాతివాళ్ళ ఊరు | నాయకుడు చూడడు, మనం చూస్తాం | ఇకెమెఫునా, ఆపైన ఊరంతా | అన్నిటికన్నా తేలిక |
| గోరా | 1910 | హిందూ ఆచారం పట్టిన యువకుడు, అతని చుట్టూ ఉన్నవాళ్ళు | బతుకు మార్చుకుంటాడు | చాలా మటుకు అతనే | అన్నిటికన్నా పొడవు, చర్చలెక్కువ |

## కాన్రాడ్: లోతు ఉంది, మనుషులు లేరు

కాన్రాడ్ 1857లో, నేటి ఉక్రెయిన్‌లోని బెర్దిచివ్‌లో, పోలిష్ కుటుంబంలో పుట్టాడు. ఇంగ్లీషు ఆయనకు మూడో భాష. 1890లో కాంగో నది మీద ఆవిరిపడవలో పనిచేశాడు. అప్పటికి కాంగో ఒక దేశం కింద వలస కూడా కాదు, బెల్జియం రాజు రెండో లియొపోల్డ్ సొంత ఆస్తి. 1885 నుంచి 1908 దాకా అదే తంతు. మొదట ఏనుగు దంతం, తర్వాత రబ్బరు. అక్కడి జనం చేత చావు భయం పెట్టి పని చేయించారు. నవలలో నది పేరు ఎక్కడా రాదు గానీ ఏ నదో అందరికీ తెలుసు.

థేమ్స్ నది మీద లంగరేసిన పడవలో, చీకటి పడుతుండగా, మార్లో అనే నావికుడు స్నేహితులకు తన ప్రయాణం చెబుతాడు. లోపలెక్కడో కర్ట్జ్ అనే ఏజెంటు ఉన్నాడు, దంతం సేకరించడంలో అతన్ని మించినవాడు లేడు, పైగా ఆదర్శవాది. అతన్ని తీసుకురావడానికి మార్లో వెళ్తాడు. తీరా చూస్తే కర్ట్జ్ గుడిసె ముందు గుంజల మీద మనుషుల తలలున్నాయి. "అనాగరిక ఆచారాల"ను మాన్పించే సంఘం కోసం అతను పదిహేడు పేజీల నివేదిక రాశాడు. దాని చివర వణికే చేత్తో ఒక వాక్యం గీకాడు: ఈ పశువులందర్నీ తుడిచిపెట్టేయండి అని.

నాకు ఈ నవలలో మరపురాని చోటు కర్ట్జ్ కాదు. ప్రయాణం మొదట్లో మార్లో ఎండకు తాళలేక చెట్ల నీడకు వెళ్తాడు. అక్కడ పని చేయలేని స్థితికి వచ్చిన కూలీలు చావడానికి పాకి వచ్చి పడి ఉన్నారు. వాళ్ళలో ఒక కుర్రాడి మెడకు తెల్లటి ఊలు దారం ముక్క కట్టి ఉంది. సముద్రాల అవతలి నుంచి వచ్చిన దారం. తాయెత్తా, నగా, గుర్తా, ఎందుకు కట్టుకున్నాడు అని మార్లో తనలో తాను ప్రశ్నించుకుంటాడు. కుర్రాణ్ణి అడగడు. జేబులోంచి ఒక బిస్కెట్ తీసి చేతిలో పెట్టి కదిలిపోతాడు. వెంటనే ఎదురయ్యేది గంజిపెట్టిన ఎత్తు కాలరుతో తళతళలాడే కంపెనీ లెక్కల గుమాస్తా. ఈ రెండు దృశ్యాల మధ్య ఒక్క మాట కూడా అదనంగా చెప్పకపోవడమే కాన్రాడ్ గొప్పతనం.

అదే అతని కొరత కూడా. ఆ కుర్రాడికి మాట లేదు. పుస్తకం మొత్తంలో ఆఫ్రికన్లు నోరు విప్పేది వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నిసార్లే. 1975లో అచెబె అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో పట్టుకున్నది దీన్నే: ఒక యూరోపియన్ మనసు కూలిపోవడానికి ఆఫ్రికాను రంగస్థలంగా, అక్కడి మనుషుల్ని తెరగుడ్డగా వాడుకున్నాడని. కాన్రాడ్‌ను జాత్యహంకారి అనేశాడు. కాన్రాడ్ లియొపోల్డ్ దోపిడీని ఎండగట్టాడన్నది నిజం, అచెబె మాటా నిజం. రెండూ కలిపి మోయగలిగినవాళ్ళే ఈ పుస్తకం పట్టుకోవాలి.

తెలుసుకున్న మార్లో ఏం చేశాడు? నివేదికను కంపెనీ మనిషికి ఇస్తూ ఆ ఆఖరి వాక్యం చింపేసి ఇస్తాడు. కర్ట్జ్‌ను పెళ్ళాడాల్సిన అమ్మాయి అతని చివరి మాట ఏమిటని అడిగితే, "ఘోరం, ఘోరం" అన్న మాట మింగేసి, నీ పేరే పలికాడంటాడు. రెండుసార్లు దాచాడు. దాచిన సంగతి మనకు చెప్పాడు. ఈ మెలిక మీద ఆలోచించడం ఇష్టమైతే కాన్రాడ్ మీవాడు. కథ సాగాలి, మనుషులు మాట్లాడాలి అనుకునేవాళ్ళు దీనితో మొదలుపెట్టకండి.

## ఫార్‌స్టర్: స్నేహం కుదురుతుందా అన్న ప్రశ్న

ఈ నవలకు హైదరాబాదుతో చుట్టరికం ఉంది. ఫార్‌స్టర్ దీన్ని తన పదిహేడేళ్ళ స్నేహానికి గుర్తుగా సయ్యద్ రాస్ మసూద్‌కు అంకితమిచ్చాడు. మసూద్ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు, నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డ రోజుల్లో ఆ పదవిలో ఉన్నది ఆయనే. డాక్టర్ అజీజ్ పాత్ర అంత దగ్గరగా, ప్రేమగా, అతని లోపాలతో సహా రావడానికి వెనక ఈ స్నేహం ఉంది.

చంద్రపూర్ అనే ఊళ్ళో అజీజ్, ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన అడెలా అనే అమ్మాయిని, కాబోయే అత్తగారు మిసెస్ మూర్‌ను మరబార్ గుహలు చూపించడానికి తీసుకెళ్తాడు. బిహార్‌లోని బరాబర్ గుహలే వీటికి మూలం. గుహలో ఏం జరిగిందో ఫార్‌స్టర్ చెప్పడు. అజీజ్ తన మీద చెయ్యి వేశాడని అడెలా అంటుంది, అరెస్టు చేస్తారు, ఊరు రెండుగా చీలుతుంది. కోర్టులో ఆమె ఉన్నట్టుండి తప్పు ఒప్పుకుంటుంది: అతను నా వెనక గుహలోకి రాలేదు. తెల్లవాళ్ళందరి ముందు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి. పెళ్ళి తప్పిపోయింది, సొంతవాళ్ళు వెలేశారు. ఆమె వెల కట్టింది. అయినా జైలుకు వెళ్ళింది అజీజ్, పరువు బజారున పడింది అజీజ్‌ది, తెల్లవాళ్ళ మీద అతని నమ్మకం మళ్ళీ అతకలేదు.

ఈ నవలలో చీకటి గుహలోది కాదని నా నమ్మకం. అది ఒక కాలరు గుండీలో ఉంది. కాలేజీ ప్రిన్సిపాల్ ఫీల్డింగ్ ముస్తాబవుతుండగా కాలరు వెనక గుండీ విరిగిపోతుంది. అజీజ్ తన దగ్గర ఇంకోటి ఉందని అబద్ధమాడి, తన కాలరుకున్నదే పీకి ఇచ్చేస్తాడు. తర్వాత మేజిస్ట్రేటు రోనీ చూసేది అజీజ్ మెడ మీదికి ఎగదన్నుకుంటున్న కాలరును. చూసి, భారతీయులంతా ఇంతే, పైకి ఎంత సోకు చేసుకున్నా ఏదో ఒకటి మరిచిపోతారు, జాతి స్వభావం అని తీర్పు చెబుతాడు. ఒక స్నేహితుడి దాతృత్వం నిమిషాల్లో జాతి లోపంగా మారిపోయింది. రోనీకి నిజం ఎప్పటికీ తెలియదు.

బృందంగా చదివేవాళ్ళకు, రెండు వైపుల నుంచీ మాట్లాడుకోవాలనుకునేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే. గుహ ముడి విప్పాలని చూసేవాళ్ళకు నిరాశ తప్పదు. గాడ్బోలే అనే బ్రాహ్మణ పాత్ర కొంత బొమ్మలా అనిపిస్తుంది, అది కూడా ముందే తెలిసి ఉండాలి.

## ఆర్వెల్: తెలిసి ఊరుకున్నవాడు

మా నాయనమ్మ ఇంట్లో ఒక టేకు పెట్టె ఉండేది. దాన్ని 'రంగం పెట్టె' అనేవారు. మూత ఎత్తితే కర్పూరం, పాత చీరల వాసన. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో రంగం అంటే రంగూన్. ఆ పక్క ప్రతి ఊళ్ళోనూ రంగం వెళ్ళినవాళ్ళుండేవారు. రేవుల్లో మూటలు మోసేది, మిల్లుల్లో పనిచేసేది వాళ్ళు. 1930 మేలో రేవు కూలీల సమ్మె మీద రంగూన్‌లో చెలరేగిన అల్లర్లలో చచ్చినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. చిన్నప్పుడు మాకు ఆ పెట్టె దర్జా మాత్రమే తెలుసు. 'బర్మీస్ డేస్' నాయకుడు ఫ్లోరీ టేకు కలప వ్యాపారి అని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పెట్టె.

ఆర్వెల్ 1903లో బిహార్‌లోని మోతీహారీలో పుట్టాడు, 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు అధికారి. నవలలోని క్యౌక్‌టాడా ఊరికి మూలం ఆయన పనిచేసిన కథా. తెల్లవాళ్ళ క్లబ్బులో ఒక స్థానికుణ్ణి సభ్యుడిగా చేర్చుకోవాలని పైనుంచి మాట వస్తుంది. చేర్చుకోదగ్గవాడు ఫ్లోరీ ప్రాణస్నేహితుడు డాక్టర్ వీరాస్వామి. పేరే చెబుతుంది, మన దక్షిణాదివాడు. ఇద్దరూ వరండాలో కూర్చుని వాదించుకుంటారు. ఇంగ్లీషువాళ్ళు న్యాయం, రోడ్లు, ఆసుపత్రులు తెచ్చారని పొగిడేది వీరాస్వామి. ఇదంతా దొంగతనం, ఆఫీసరు బర్మావాణ్ణి పట్టుకుని ఉంటే వ్యాపారి జేబులు కొడుతున్నాడని తిట్టేది తెల్లవాడైన ఫ్లోరీ. పాలితుడు పాలకుణ్ణి సమర్థించడం, పాలకుడు తన్ను తానే దొంగ అనుకోవడం చూస్తే ఆ రెండు మనసులూ ఎంత నలిగి ఉంటాయో తెలుస్తుంది.

అంత తెలిసిన ఫ్లోరీ, స్నేహితుణ్ణి చేర్చుకోకూడదని క్లబ్బు గోడ మీద పెట్టిన అవమానకరమైన కాగితం మీద తనూ సంతకం పెడతాడు. ద్వేషంతో కాదు. గొడవ పడే ఓపిక లేక. నా దృష్టిలో ఈ అయిదు నవలల్లోకెల్లా భయంకరమైన దృశ్యం ఈ సంతకమే. కర్ట్జ్ తలలు నరికించాడు, మనం అది చేయం. ఫ్లోరీ చేసింది మనలో చాలామంది ఆఫీసు మీటింగులో, కుటుంబ పంచాయతీలో, అపార్ట్‌మెంట్ సంఘంలో ఏదో ఒక రోజు చేసి ఉంటాం.

ఫ్లోరీ ఎడమ చెంప మీద కన్ను నుంచి నోటిదాకా ముదురు పుట్టుమచ్చ ఉంటుంది. ఎవరు ఎదురైనా ఆ చెంప కనబడకుండా తల తిప్పుకుంటాడు. చివరికి అతను ధైర్యం చేసి డాక్టరు పక్షాన నిలబడేసరికి, యు పో క్యిన్ అనే లంచగొండి మేజిస్ట్రేటు, ఫ్లోరీ డబ్బిచ్చి ఉంచుకుని వదిలేసిన మా హ్లా మే చేత చర్చిలో అల్లరి చేయిస్తాడు. ప్రేమించిన ఎలిజబెత్ ముఖం తిప్పుకుంటుంది. ఫ్లోరీ తుపాకీతో కాల్చుకుంటాడు. ప్రాణం పోగానే మచ్చ వెలిసిపోతుంది. అతని అండ పోయిన వీరాస్వామి హోదా తగ్గి మాండలేకు బదిలీ అవుతాడు.

లోపాలు లేకపోలేదు. ఆడవాళ్ళ చిత్రణ కరకుగా ఉంటుంది, యు పో క్యిన్ నాటకాల్లో విలన్‌లా లావుగా, కుళ్ళుగా కనిపిస్తాడు. కానీ నవలలు చదివే అలవాటు తప్పినవాళ్ళకు దీన్ని మించిన మొదటి పుస్తకం లేదు. రంగం కథలు విన్న కుటుంబాలవాళ్ళకైతే చెప్పనే అక్కర్లేదు.

## అచెబె: అవతలి గట్టు

ఇది క్లుప్తంగా చెబుతాను. చదవడమే తేలిక కనుక.

ఉమూఫియా అనే ఇగ్బో ఊళ్ళో ఒకొంకో పేరున్న మల్లయోధుడు. చేతగానివాడనిపించుకున్న తండ్రిలా కాకూడదన్న భయం అతన్ని నడిపిస్తుంది. పొరుగూరు అప్పగించిన ఇకెమెఫునా అనే పిల్లాణ్ణి మూడేళ్ళు ఇంట్లో పెంచుతాడు. పిల్లాడు అతన్ని నాన్నా అంటాడు. దైవవాక్కు ప్రకారం ఊరివాళ్ళు వాణ్ణి చంపబోతే, వాడు నాన్నా అని అరుస్తూ తనవైపు పరిగెత్తుకొస్తే, పిరికివాడనుకుంటారేమోనని ఒకొంకో తనే కత్తి ఎత్తుతాడు. అప్పటికి తెల్లవాడు ఊళ్ళో అడుగు పెట్టలేదు. చీకటి వలసతోనే వచ్చిందని చెప్పుకునే సుఖాన్ని అచెబె మనకు ఇవ్వడు.

తెల్లవాళ్ళ చర్చి వచ్చాక ముందుగా చేరేవాళ్ళలో ఓసులుంటారు, ఊరు వెలి పెట్టినవాళ్ళు. వాళ్ళకు గుర్తుగా ఉంచిన జడలు కట్టిన జుట్టును గొరిగించుకుంటే తప్ప చేర్చుకోనంటాడు బోధకుడు. భయపడుతూనే గొరిగించుకుంటారు. చావరు, బతుకుతారు. తెలుగు పాఠకుడికి ఇక్కడ మన చరిత్ర గుర్తు రాకుండా ఉండదు. ఒంగోలు పక్కన 1878లో క్లౌ అనే అమెరికన్ మిషనరీ దొర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు, దాదాపు అందరూ మాదిగలు. వాళ్ళు మనుషులుగా ఎందుకు తలెత్తాలనుకున్నారో అచెబె ఆ ఒక్క అధ్యాయంలో చూపిస్తాడు, వాళ్ళు వెళ్ళిపోతే ఊరు ఎలా విరిగిందో కూడా.

ఒకొంకో ఉరేసుకున్నాక జిల్లా కమిషనరు, రాయబోయే పుస్తకంలో ఇతని మీద ఒక పేరా రాయొచ్చు అనుకుంటాడు. మనం అప్పటికి ఒక నిండు జీవితం చదివి ఉన్నాం. ఏనుగు వ్యాసంలో ఆ కూలీకి దక్కిన కొన్ని వాక్యాలు ఎలా తయారవుతాయో ఇక్కడ కనబడుతుంది.

## గోరా: గ్లాసుడు నీళ్ళు

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే గోరానే. చాలామంది దీన్ని చివరికి పెడతారు, పొడవని, చర్చలెక్కువని. రెండూ నిజమే. బ్రహ్మసమాజం, హిందూ ఆచారం మీద వాదాలు ఒక్కోచోట అధ్యాయాలకు అధ్యాయాలు సాగుతాయి. కొన్ని పేజీలు తిప్పేసినా తప్పులేదు.

గోరా కలకత్తా యువకుడు, తెల్లగా, పొడుగ్గా, ఉరిమే గొంతుతో ఉంటాడు. ఇంగ్లీషువాళ్ళు మన ఆచారాన్ని వెక్కిరిస్తారు కనుక ఆచారంలో వెంట్రుకవాసి కూడా వదలనంటాడు. తల్లి ఆనందమయి గదిలో లఛ్మియా అనే క్రైస్తవ పనిమనిషి ఉంది కనుక తల్లి చేతి నీళ్ళు తాగడు. చిన్నప్పుడు తనను ఎత్తి పెంచిన లఛ్మియా చేతి నీళ్ళు కూడా తాగడు.

ఒకసారి పల్లెలు తిరుగుతూ, నీలిమందు దొరల దౌర్జన్యానికి నలిగిన ఒక ముస్లిం ఊరికి చేరతాడు. ఊళ్ళో ఒక్కడే హిందువు, మంగలి. జైలుకు పోయిన ముస్లిం రైతు కొడుకును ఇంట్లో పెట్టుకుని సాకుతున్నాడు. దాహంతో ఉన్న గోరా ఆ ఇంట్లో నీళ్ళు తాగలేక, బ్రాహ్మడైన నీలిమందు కచేరీ ఉద్యోగి ఇంటికి బయల్దేరతాడు. నడుస్తుండగా తట్టుతుంది: ఊరిని పీడించేవాడి ఇంట్లో తింటే నా జాతి నిలుస్తుంది, దిక్కులేని పిల్లాణ్ణి ఆదుకున్నవాడి ఇంట్లో తాగితే పోతుంది, ఇదేం ధర్మం? వెనక్కి తిరిగి మంగలి ఇంటికే వస్తాడు. చీకటి ఎక్కడో పరాయి అడవిలో కాకుండా తను పవిత్రం అనుకున్న దానిలోనే ఉందని ఒకడు గుర్తించిన ఘడియ ఇది. ఇంత చిన్న కదలికతో, ఇంత దాహంతో చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు.

అయినా అక్కడితో అతను మారిపోడు. మనుషులు అంత త్వరగా మారరు, టాగూర్‌కు అది తెలుసు. మళ్ళీ ఆచారం బిగిస్తాడు. చివరికి పెంపుడు తండ్రి జబ్బుపడి నిజం బయటపెడతాడు: గోరా 1857 తిరుగుబాటు రోజుల్లో వాళ్ళ ఇంట తలదాచుకున్న ఒక ఐరిష్‌వాడి భార్యకు పుట్టి, ఆ రాత్రే తల్లిని పోగొట్టుకున్న పిల్లాడు. ఏ గుడి గడప కాపాడాలని చూశాడో ఆ గడప దాటే హక్కు తనకే లేదు. జాతి, కులం, తండ్రి, అన్నీ ఒక్క వాక్యంలో పోయాయి. కూలిపోవాల్సినవాడు, తేలికపడ్డానంటాడు. ఇంటికొచ్చి ఆనందమయి పాదాల దగ్గర కూర్చుని, అమ్మా, లఛ్మియాను పిలిచి గ్లాసుడు నీళ్ళు తెమ్మను అంటాడు.

కర్ట్జ్ ఆఖరి మాట పక్కన ఈ మాట పెట్టి చూడండి.

పూర్తి పాఠం ఇంగ్లీషులో కావాలంటే సాహిత్య అకాడెమీ వేసిన సుజిత్ ముఖర్జీ అనువాదం తీసుకోండి. తెలుగులో కూడా అనువాదం ఉంది, దొరికితే అదే మేలు. ఈ చర్చలు మన ఇళ్ళలో జరిగినవే, తెలుగులో వింటే చురుక్కుమంటాయి.

## మరి మీకు ఏది?

ఎమ్మే ఇంగ్లీషు వాళ్ళకు కాన్రాడ్ ఎలాగూ తప్పదు. పరీక్ష కోసం చదివితే ప్రతీకల జాబితా మిగులుతుంది, నాకు పాఠం చెప్పినాయన కూడా ఆ జాబితానే రాయించారు. ముందు నవల, వెంటనే అచెబె నవల, ఆ తర్వాతే అచెబె ఉపన్యాసం, ఈ వరస పాటించండి. ఉపన్యాసం ముందు చదివితే నవలను మీ కళ్ళతో చూసే అవకాశం పోతుంది.

కులం గురించి, ఇంటి ఆచారం గురించి లోపల ఏదో నలుగుతున్నవాళ్ళకు గోరా. ఆఫీసులో, ఊళ్ళో తప్పు తెలిసీ నోరు మెదపలేకపోతున్నామని బాధపడేవాళ్ళకు ఆర్వెల్. ఆ పుస్తకం ఓదార్చదు, కానీ ఒంటరివాళ్ళం కాదని తెలుస్తుంది. స్నేహితులు నలుగురు కలిసి నెలకో పుస్తకం అనుకుంటే ఫార్‌స్టర్, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పక్షాన మాట్లాడవచ్చు.

అమెరికాలో హైస్కూలు చదివే పిల్లలున్న ఇళ్ళకు అచెబె. అక్కడి బళ్ళలో చాలాచోట్ల పాఠంగా ఉంటుంది. పిల్లలు చదివే వారమే పెద్దవాళ్ళూ చదివి, ఓసుల అధ్యాయం దగ్గర ఆగి, మన ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఎవరు అని పిల్లలు అడిగితే తప్పించుకోకుండా చెప్పండి.

ఇవేవీ తేల్చుకోలేక, చేతిలో ఒక్క సాయంత్రమే ఉంటే ఏనుగు వ్యాసం చదవండి, అరగంట పట్టదు. ఏనుగు దగ్గరికి వెళ్ళే ముందు, బురదలో పడి ఉన్న ఆ మనిషి దగ్గర కాసేపు ఆగండి. ఆర్వెల్ అతని పేరు రాయలేదు. కోరంగి రేవులో ఓడెక్కిన రోజు ఎవరో ఒకరు ఆ పేరు పెట్టి పిలిచే ఉంటారు.